కోర్టు గీతలు ఎవరు గీశారు?

నేను చదివిన డిగ్రీ కాలేజీలో ఒకే ఒక బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది. మట్టి కోర్టు. పోటీల రోజుల్లో అటెండరు సున్నం డబ్బా పట్టుకుని వంగి గీతలు గీసేవాడు. సాయంత్రం నాలుగు దాకా కోర్టు ఆడపిల్లలదీ, ఆ తర్వాత మగపిల్లలదీ అని నోటీసు బోర్డులో రాసి ఉండేది. మా క్లాసులు నాలుగింటికి అయ్యేవి. చదివేవాళ్ళకు ఆ నోటీసులో ఏ అన్యాయమూ కనిపించదు. సమయం చెరిసగం పంచినట్టే ఉంటుంది.

అయినా ఆదివారాలూ సెలవురోజులూ ఆడి జట్టు తయారు చేసుకున్నాం. ఆఖరి సంవత్సరం అంతర్ కళాశాలల పోటీలకు మా పేర్లు కూడా వెళ్ళాయి. ఇళ్ళల్లో బతిమాలి డబ్బులు తెచ్చుకుని ఎనిమిదిమందిమీ ఒకే రంగు టీషర్టులు కొనుక్కున్నాం. బయల్దేరాల్సిన ముందురోజు పీడీ సారు పిలిచి, "తోడు రావడానికి లేడీ స్టాఫ్ ఎవరూ లేరమ్మా, ఈసారికి వద్దులెండి" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, హేళనా లేదు. మా క్షేమం గురించిన శ్రద్ధే ఉంది. మగపిల్లల జట్టు వెళ్ళింది. నా టీషర్టు కొన్నాళ్ళకు ఇంట్లో దుమ్ము దులిపే గుడ్డయింది.

పదిహేనేళ్ళ తర్వాత, 2025 మార్చిలో, ఆ టీషర్టు నాకు అమెరికాలో గుర్తొచ్చింది. పరిశోధన పని మీద కొన్ని నెలలు నార్త్ కరోలినా రాష్ట్రంలో ఉన్నాను. అక్కడ చరిత్ర చెప్పే ఒక స్నేహితురాలు "కాన్ఫరెన్స్‌కి వస్తావా?" అని అడిగితే పేపర్లు చదివే సభ అనుకుని నోట్‌బుక్ పెట్టుకుని బయల్దేరాను. తీరా వెళితే అది గ్రీన్స్‌బరో అనే ఊళ్ళో పెద్ద ఆటల హాలు. బ్యాండు మోత, అమ్మల భుజాలెక్కిన చిన్నపిల్లలు, కోర్టులో ఆరడుగుల అమ్మాయిలు.

అక్కడ కాన్ఫరెన్స్ అంటే కొన్ని విశ్వవిద్యాలయాలు ఆటల కోసం కట్టుకున్న కూటమి. ఒకరి కాలేజీకి ఒకరు వెళ్ళి ఆడుకుంటారు. మార్చి మొదట్లో ఒక ఊరు చేరి టోర్నమెంటు ఆడతారు. ఓడిన జట్టు ఇంటికి, గెలిచిన జట్టు తర్వాతి ఆటకి. చివర మిగిలిన జట్టు కూటమి విజేత. అంతవరకూ ఎంత బాగా ఆడిందో చూడకుండానే దానికి జాతీయ పోటీలో చోటు దొరుకుతుంది. నేను చూసినది అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్, అంటే ఏసీసీ, మహిళల టోర్నమెంటు. ఆ ఏడాది ఫైనల్లో నార్త్ కరోలినా స్టేట్ మీద డ్యూక్ విశ్వవిద్యాలయం గెలిచింది.

నా దృష్టి మాత్రం నేలమీద నిగనిగలాడే గీతల మీదే నిలిచిపోయింది. వీటిని ఎవరు గీశారు? మా కాలేజీ నోటీసులాగా వీటి వెనక ఏముంది? గ్రీన్స్‌బరో నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న పట్టుకుని చదువుతూ వచ్చాను. నాకు అర్థమైనంతవరకు ఈ చరిత్ర ఆడవాళ్ళని ఆడనిచ్చారా లేదా అన్నదానితో తేలదు. ఆట హద్దుల్ని నిర్ణయించే హక్కు ఏ కాలంలో ఎవరి చేతిలో ఉందన్నదే అసలు కథ.

తలుపులు మూసిన ఆట

బాస్కెట్‌బాల్‌ని 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ బోధకుడు తయారుచేశాడు. చలికాలంలో లోపల కూర్చుని విసుగెత్తిన మగ విద్యార్థుల కోసం చేసిన ఆట అది. మరుసటి ఏడే దగ్గర్లోని స్మిత్ మహిళా కళాశాలకు దాన్ని తీసుకువెళ్ళింది సెండా బెరెన్‌సన్. లిథువేనియాలో పుట్టి, చిన్నతనంలో అమెరికాకు వలసవచ్చిన యూదు కుటుంబపు అమ్మాయి. ఆరోగ్యం బాగుపడుతుందని వ్యాయామ విద్యలో చేరి, చివరికి అదే బోధించడానికి స్థిరపడింది.

1893 మార్చిలో స్మిత్ కాలేజీలో మొదటి రెండు సంవత్సరాల విద్యార్థినులు ఒకరితో ఒకరు ఆడారు. చూడ్డానికి మగవాళ్ళను రానివ్వలేదు. సరిగ్గా అదే 1893లో మన రాజమండ్రిలో మల్లాది వెంకటరత్నం స్త్రీల కోసం 'తెలుగు జనానా' పత్రిక మొదలుపెట్టాడు. తొలినాటి స్త్రీల పత్రికల మీద పనిచేసినదాన్ని కాబట్టి ఆ తేదీ చూడగానే నాకు ఆ పేరే మెదిలింది. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఆడవాళ్ళకు ఒక కొత్త పని నేర్పాలంటే ముందు ఒక అంతఃపురం కట్టాలన్న ఆలోచన రెండుచోట్లా ఒకటే. మన జనానాకు సంపాదకుడు పురుషుడు. స్మిత్ కాలేజీ ఆటకు నియమాలు రాసింది స్త్రీ. ఆ తేడా చిన్నది కాదు.

ఆ నియమాలేమిటి? కోర్టుని గీతలతో మూడు భాగాలు చేశారు. ఏ భాగంలో నిలబెట్టిన అమ్మాయి ఆ భాగం దాటి వెళ్ళకూడదు. ఎదుటివాళ్ళ చేతిలోంచి బంతి లాక్కోకూడదు. మూడు సెకన్లకు మించి పట్టుకోకూడదు. మూడుసార్లకు మించి నేలకు కొట్టకూడదు. 1901లో ఈ నియమాలు పుస్తకంగా అచ్చయ్యాయి. ఇప్పుడు చదివితే ఒళ్ళు మండుతుంది. కానీ బెరెన్‌సన్ మాటను కాస్త ఆమె వైపునుంచి చూడాలి. పరిగెడితే గర్భసంచి జారుతుందని వైద్యులే చెప్పే కాలంలో, ఈ గీతల్ని గీసి ఆమె వాళ్ళ నోళ్ళు మూయించింది. గీత గీయకపోతే ఆటే ఉండేది కాదేమో. అయితే తాత్కాలికంగా ఒప్పుకున్న గీతలు అంత తేలిగ్గా చెరిగిపోవు. ఈ విభజన రూపాలు మార్చుకుంటూ, ఆరుగురి ఆటగా మారి, కాలేజీల్లో 1971 దాకా బతికింది. అయోవా రాష్ట్రపు హైస్కూళ్ళలో 1993 దాకా ఉంది. కోర్టు అంతా తిరగడానికి ఆడపిల్లకి పట్టిన కాలం అది.

1896 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ విద్యార్థినులు తలపడ్డారు. రెండు కాలేజీల ఆడ జట్ల మధ్య జరిగిన మొదటి ఆట అదే. అక్కడా ప్రేక్షకులందరూ స్త్రీలే. స్టాన్‌ఫర్డ్ 2-1తో గెలిచింది. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాయి.

సుకుమారం ఎవరి ఆస్తి?

1923లో అమెరికా ఔత్సాహిక క్రీడల సమాఖ్యలో మహిళా విభాగం ఏర్పడింది. తర్వాత దేశాధ్యక్షుడైన హూవర్ భార్య లౌ హెన్రీ హూవర్ దానికి నాయకురాలు. పోటీ ఆడపిల్లల శరీరానికీ మనసుకీ చేటు అన్నది ఆ విభాగపు మాట. జట్టు ఓడిపోవడం, గెలవడం అనేవి లేకుండా 'ప్లే డే'లు పెట్టారు. వేర్వేరు కాలేజీల అమ్మాయిల్ని కలిపేసి జట్లు చేస్తారు. ఆట అయ్యాక టీ, బిస్కెట్లు. మన కాలేజీల్లో ఆడపిల్లలకు నిమ్మకాయ-చెంచా, కుర్చీలాట పెట్టి స్పోర్ట్స్ డే అయిపోయిందనిపించడం నాకు ఠక్కున గుర్తొచ్చింది.

నేను కూర్చున్న గ్రీన్స్‌బరో ఊరు మళ్ళీ ఇక్కడ కథలోకి వస్తుంది. ఆ ఊళ్ళో 1926 నుంచి నల్లజాతి ఆడపిల్లలకు మాత్రమే ఉన్న బెనెట్ కాలేజీ ఉంది. చేతులకు తొడుగులు, తలకు టోపీ లేకుండా పిల్లలు ఊళ్ళోకి వెళ్ళకూడదన్నంత మర్యాద నేర్పిన కాలేజీ. అదే కాలేజీ 1930లలో, తెల్లవారి మహిళా కళాశాలలు ప్లే డేలు జరుపుకుంటున్న రోజుల్లో, నిజమైన పోటీ ఆటలు ఆడింది. 1934 మార్చిలో ఫిలడెల్ఫియా ట్రిబ్యూన్స్ అనే పేరుమోసిన నల్లజాతి మహిళల జట్టుతో మూడు ఆటలు ఆడి మూడూ ఓడిపోయింది. ఆ జట్టు నాయకురాలు ఓరా వాషింగ్టన్. నల్లవారి టెన్నిస్‌లోనూ ఆమే ఛాంపియన్. బతుకుతెరువుకు ఇళ్ళల్లో పనిచేసింది. 1971లో చనిపోయింది. బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చడానికి 2018 దాకా పట్టింది.

పరిగెడితే ఆడదాని ఒళ్ళు పాడవుతుందన్న సిద్ధాంతం ఓరా వాషింగ్టన్ గురించి ఎవరూ చెప్పలేదు. బట్టలుతికే, నేల తుడిచే ఒళ్ళు సుకుమారం అని ఎవరికీ అనిపించదు. నాట్లకీ కోతలకీ వంగే ఆడవాళ్ళని మన దగ్గర మాత్రం ఎవరు వద్దన్నారు? రక్షణ పేరుతో గీసిన గీత ఒక కులానికీ ఒక వర్గానికీ చెందిన స్త్రీలను లోపల ఉంచి, మిగిలినవాళ్ళను లెక్కలోంచే తీసేస్తుందని మన దళిత స్త్రీవాదులు చెప్పిన మాటే ఇది. దానికి మరో ముఖం కూడా ఉంది. 1940ల మొదట్లో బెనెట్ కూడా పోటీ ఆటలు మానేసి ప్లే డేల వైపు జరిగింది. గౌరవం సంపాదించుకునే క్రమంలో ఆట పోగొట్టుకుంది.

లోపలికి వచ్చినవాళ్ళు, చేజారిన సంఘం

1953లో ఏసీసీ పుట్టింది కూడా గ్రీన్స్‌బరో శివార్లలోని ఒక హోటల్లోనే. బెనెట్ కాలేజీని పిలవడం అప్పట్లో ఊహకు కూడా అందదు. సభ్య విశ్వవిద్యాలయాల్లో డ్యూక్ సహా చాలావాటిలో నల్ల విద్యార్థులకు డిగ్రీ ప్రవేశమే లేదు. క్లెమ్సన్ 1955 దాకా మగపిల్లల సైనిక కళాశాల. మగవాళ్ళ టోర్నమెంటు 1954లో మొదలైంది. మహిళల టోర్నమెంటు మొదటిసారి 1978లో, వర్జీనియా విశ్వవిద్యాలయం ఉన్న షార్లట్స్‌విల్‌లో జరిగింది. ఆ విశ్వవిద్యాలయం తన ప్రధాన కళాశాలలోకి ఆడపిల్లల్ని పూర్తిగా అనుమతించిందే 1970లో. మొదటి కప్పు మేరీలాండ్ గెలిచింది. మగవాళ్ళ తర్వాత 24 ఏళ్ళకు.

మధ్యలో 1972 జూన్‌లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో లింగ వివక్ష ఉండకూడదని చెప్పే 37 పదాల వాక్యం అది. అందులో ఆట అన్న మాటే లేదు. చట్టం వచ్చాకే ఆడవాళ్ళు ఆడటం మొదలుపెట్టారని అందరూ రాస్తారు. అది సగం నిజం. ఆ ఏడాది మార్చిలోనే, చట్టానికి ముందే, ఆడవాళ్ళు తమ జాతీయ పోటీ తామే జరుపుకున్నారు. 1971లో వాళ్ళు కట్టుకున్న సంఘం పేరు ఏఐఏడబ్ల్యూ. వ్యాయామ విద్య బోధించే స్త్రీలు నడిపిన సంఘం. ఆ మొదటి పోటీ గెలిచింది ఇమాక్యులాటా అనే చిన్న క్యాథలిక్ మహిళా కళాశాల. కోచ్ క్యాథీ రష్ జీతం ఏడాదికి 450 డాలర్లు. ప్రయాణ ఖర్చుల కోసం అమ్మాయిలు టూత్‌బ్రష్షులు అమ్మారు. అయినా ఎనిమిదిమందికే డబ్బు సరిపోయింది. అంతకుముందు తమను 32 పాయింట్ల తేడాతో ఓడించిన వెస్ట్ చెస్టర్ జట్టునే ఫైనల్లో 52-48తో ఓడించారు. గ్యాలరీలో సన్యాసినులు బకెట్లు వాయించారు. ఎనిమిదిమంది అన్న అంకె దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. మేమూ ఎనిమిదిమందిమే.

ఏఐఏడబ్ల్యూని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. మగవాళ్ళ ఆటల్లోని డబ్బు జబ్బు తమకు అంటకూడదని వాళ్ళు మొదట్లో క్రీడా స్కాలర్‌షిప్పుల్ని నిషేధించారు. ఆ గీత కూడా రక్షణ పేరుతో గీసిందే. 1973లో ఆడ క్రీడాకారులు కోర్టుకి వెళ్ళాక మార్చుకోవాల్సి వచ్చింది. కానీ అది వాళ్ళ తప్పు, వాళ్ళు దిద్దుకున్న తప్పు. ఒక దశలో దాదాపు వెయ్యి కాలేజీలు ఆ సంఘంలో ఉండేవి.

మగవాళ్ళ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ టైటిల్ నైన్ క్రీడలకు వర్తించకుండా చూడాలని ఎన్ని ప్రయత్నాలు చేయాలో అన్నీ చేసింది. కుదరకపోయేసరికి 1981లో మహిళల పోటీలు తానే జరుపుతానంది. ప్రయాణ ఖర్చులు ఇస్తానంది. అదనపు రుసుము లేదంది. టీవీలో కనిపించే అవకాశం చూపించింది. 1982లో ఒకే సీజనుకు రెండు జాతీయ పోటీలు జరిగాయి. ఏఐఏడబ్ల్యూ కప్పు రట్‌గర్స్, ఎన్‌సీఏఏ కప్పు లూసియానా టెక్ గెలిచాయి. ఆ ఏడాదే మహిళల సంఘం మూతపడింది. కోర్టులో వేసిన దావా కూడా ఓడిపోయింది.

వివియన్ అకోస్టా, లిండా కార్పెంటర్ అనే ఇద్దరు అధ్యాపకులు దశాబ్దాలపాటు ఓపిగ్గా లెక్కలు తీశారు. 1972లో కాలేజీ మహిళా జట్ల కోచ్‌లలో 90 శాతానికి పైగా స్త్రీలే. 2014 నాటికి 43 శాతం. ఆడే పిల్లలు ఎన్నో రెట్లు పెరిగారు. ఆడించే స్త్రీల వాటా సగానికి పడిపోయింది. పని గౌరవప్రదమై జీతం వచ్చేసరికి పురుషుడికి అది ఉద్యోగంగా కనిపించింది. వంటగదికీ హోటలుకీ మధ్య ఏం జరిగిందో మనకు కొత్తగా చెప్పాలా?

కే యో, ఒక ఇంగ్లీషు పంతులమ్మ

ఈ లెక్కల మధ్య ఒక మనిషి గురించి చెప్పకుండా ఉండలేను. కే యో గ్రీన్స్‌బరోకి దగ్గర్లోని గిబ్సన్‌విల్‌లో పుట్టింది. చదివింది ఇంగ్లీషు. పంతులమ్మ ఉద్యోగానికి వెళితే, ఆడపిల్లల జట్టుకు కోచింగ్ కూడా ఇవ్వాలన్నారు. సాహిత్యం చదివినదానికి ఆట ఎందుకని అనకుండా ఒప్పుకుంది. 1975లో నార్త్ కరోలినా స్టేట్‌లో చేరి, ఆ రాష్ట్రంలో పూర్తికాలపు జీతం తీసుకున్న మొదటి మహిళల బాస్కెట్‌బాల్ కోచ్ అయింది. ఆమె జట్టు నాలుగుసార్లు ఏసీసీ టోర్నమెంటు గెలిచింది. 1988 ఒలింపిక్స్‌లో అమెరికా జట్టుకి స్వర్ణం ఆమె చేతిమీదుగానే వచ్చింది.

1987లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. తగ్గి, ఏళ్ళ తర్వాత తిరగబెట్టింది. 2006-07 సీజను మధ్యలో చికిత్స కోసం ఆగిపోయి, జనవరిలో మళ్ళీ కోర్టు పక్కకు వచ్చి కూర్చుంది. ఆ మార్చిలో గ్రీన్స్‌బరోలో, సీజను మొత్తం ఓటమి ఎరగని డ్యూక్‌ని సెమీఫైనల్లో ఆమె జట్టు ఓడించింది. ఫైనల్లో నార్త్ కరోలినా చేతిలో ఓడిపోయింది. 2009 జనవరిలో ఆమె కన్నుమూసింది. రొమ్ము అన్న మాట నలుగురిలో పలకడానికే సంకోచించే కుటుంబాల్లో పెరిగిన మనకు, వేలమంది ముందు కూర్చుని పిల్లలకు ఆట చెప్పిన స్త్రీ ఏమిటో వేరే వివరించక్కర్లేదు. ఆడ శరీరం ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే హక్కు ఆ శరీరంలో ఉంటున్న మనిషిదేనని ఆమె ఉపన్యాసమేదీ లేకుండా చెప్పింది.

ఒక ఏడాది లేని టోర్నమెంటు

2000 నుంచి 2025 దాకా ఈ టోర్నమెంటు గ్రీన్స్‌బరోలోనే జరిగింది, ఒక్క 2017లో తప్ప. 2016 మార్చిలో నార్త్ కరోలినా శాసనసభ ఒక చట్టం చేసింది. ప్రభుత్వ భవనాల్లో ఎవరైనా సరే జనన ధ్రువపత్రంలో రాసి ఉన్న లింగాన్ని బట్టే మరుగుదొడ్డికి వెళ్ళాలి. ట్రాన్స్ వ్యక్తుల్ని లక్ష్యం చేసుకున్న చట్టమది. నిరసనగా ఏసీసీ ఆ ఏడాది తన పోటీల్ని రాష్ట్రం దాటించింది. మహిళల బాస్కెట్‌బాల్ సౌత్ కరోలినాలోని కాన్వే అనే చిన్న ఊరికి వెళ్ళింది. 2017 మార్చి చివర్లో ఆ చట్టాన్ని మార్చాక, 2018లో టోర్నమెంటు తిరిగొచ్చింది.

చట్టాన్ని సమర్థించినవాళ్ళు చెప్పిన కారణం స్త్రీల రక్షణ. మూడు భాగాల కోర్టుకి చెప్పిన కారణం అదే. ప్లే డేకి అదే. మా పీడీ సారు చెప్పిందీ అదే. మన పేరు మీద గీసే గీతల్ని మనమే ముందు అనుమానించాలని నాకు అనిపించేది ఇందుకే. ఆ గీత మరొకరిని బయటకు నెట్టేదైతే మరీను.

మళ్ళీ ఆ రెండు పేర్లు

2021 మార్చిలో శాన్ ఆంటోనియోలో జాతీయ పోటీలకు వెళ్ళిన సెడోనా ప్రిన్స్ అనే క్రీడాకారిణి తన ఫోనుతో ఒక వీడియో తీసింది. మగవాళ్ళకు హాలు నిండా వ్యాయామ పరికరాలు, ఆడవాళ్ళకు ఒక చిన్న స్టాండు మీద కాసిని డంబెల్స్. పెద్ద రగడ అయ్యాక విచారణ జరిగింది. 'మార్చ్ మ్యాడ్‌నెస్' అన్న పేరుని మహిళల పోటీకి వాడనిచ్చింది కూడా ఆ తర్వాతే, 2022లో. రెండేళ్ళు తిరిగేసరికి, 2024లో, మహిళల ఫైనల్‌ని టీవీలో సగటున కోటీ ఎనభై లక్షలకు పైగా జనం చూశారు. మగవాళ్ళ ఫైనల్‌కి ఒకటిన్నర కోట్ల లోపే. ఆడవాళ్ళ ఆట ఎవరు చూస్తారన్న పాత ప్రశ్నకు జవాబు దొరికింది.

2024లోనే స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ రెండూ ఏసీసీలో చేరాయి. పేరు అట్లాంటిక్ తీరం, ఊళ్ళు పసిఫిక్ తీరం. కారణం మహిళల బాస్కెట్‌బాల్ కాదు. మగవాళ్ళ ఫుట్‌బాల్, దానికి టీవీ కంపెనీలిచ్చే డబ్బు. ఆ ఒప్పందాల వల్ల పాత కూటములు చెదిరిపోయి, ఈ అమ్మాయిలు ఖండం ఆ చివరి నుంచి ఈ చివరికి విమానాల్లో తిరుగుతూ దారిలోనే పాఠాలు చదువుకోవాలి. 1896లో తలుపులు మూసుకుని ఆడిన రెండు కాలేజీల పిల్లలు ఇప్పుడు దేశమంతా చూస్తుండగా ఆడుతున్నారు. అప్పుడు ఎవరూ చూడకూడదన్నది ఒకరి నిర్ణయం. ఇప్పుడు ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో ఆడాలన్నది మరొకరి నిర్ణయం. ఈ నూట ముప్ఫై ఏళ్ళలో మహిళలు తమ ఆటకు తామే యజమానులుగా ఉన్నది, ఆ టూత్‌బ్రష్షులు అమ్ముకున్న పదేళ్ళు మాత్రమే.

పేదరికపు స్వతంత్రమా, వసతి ఉన్న పరాధీనమా అని ఎవరైనా అడిగితే నా దగ్గర తేలికైన జవాబు లేదు. గ్రీన్స్‌బరో హాలులో అమ్మ భుజమ్మీద కూర్చుని ఈలలు వేసిన చిన్నపిల్లకు ఆ వెలుగు వద్దని నేను చెప్పలేను. అది నాకు దొరకని వెలుగు. కానీ చోటు దొరికితే చాలు అని తృప్తిపడటం, చోటుని నిర్ణయించే గదిలోకి వెళ్ళడం ఒకటి కావు.

ఆ ఎనిమిదిమందిలో ఒకమ్మాయి ఇప్పుడు ఒక కాలేజీలో పీడీగా పనిచేస్తోంది. ఇండియా వచ్చాక ఫోన్ చేసి ఈ సంగతులన్నీ చెప్పాను. ఓపిగ్గా విని, "మా దగ్గరా ఒకటే కోర్టే" అంది.

"టైమ్ టేబుల్ ఎవరు వేస్తారు?" అని అడిగాను.

"ఈ ఏడాది నుంచి నేనే" అంది. "నాలుగు నుంచి ఆడపిల్లలకి వేశాను. స్టాఫ్ మీటింగులో పెద్ద గొడవైంది."